తెల్ల నీళ్ళలో తండేలు

‘తండేల్’ సినిమా 2025 ఫిబ్రవరిలో వచ్చేదాకా ఆ మాట మన నగరాల్లో ఎంతమందికి తెలుసో అనుమానమే. నాగచైతన్య పుణ్యమా అని ఇప్పుడు అందరికీ తెలిసింది. పడవకి పెద్ద తండేలు. ఎప్పుడు బయల్దేరాలి, ఎటు తిప్పాలి, ఎప్పుడు వెనక్కి రావాలి, అన్నిటికీ అతని మాటే మాట. నాకు ఆ మాట సినిమాకంటే ముందే ఇంకోచోట తగిలింది. 1886లో అచ్చయిన ‘హాబ్సన్-జాబ్సన్’ అనే ఆంగ్లో-ఇండియన్ పదకోశంలో ‘టిండల్’ అన్న పదం దగ్గర తెలుగు ‘తండేలు’, మలయాళం ‘తండల్’ పక్కపక్కనే ఉంటాయి. కొంతమంది మనుషులకి నాయకుడు అని ఒక అర్థం ఇచ్చి, వాడుకలో మాత్రం ఓడ కళాసీల మీద ఉండే చిన్న అధికారి అని చెబుతుంది. నీళ్ళ మీద ఉన్నంతసేపూ అందరి ప్రాణాలూ ఎవరి గొంతు మీద ఆధారపడి ఉంటాయో, ఆ మనిషి ఒడ్డెక్కి కాగితం మీదికొచ్చేసరికి ‘చిన్న’ అధికారి అయిపోయాడు.

ఈ మాట నాకు మళ్ళీ గుర్తొచ్చింది అనుకోని చోట. వైట్‌వాటర్ రాఫ్టింగ్ స్లాలమ్ పోటీల వీడియోలు చూస్తున్నాను. తెల్లగా మరిగిపోతున్న నదిలో ఒక దేశపు జట్టు రబ్బరు పడవ మీద దిగుతోంది. వెనక కూర్చున్నావిడ ఏదో అరుస్తోంది, ముందున్నవాళ్ళు తల తిప్పకుండానే తెడ్లు మార్చేస్తున్నారు. ఆ గొంతు చేస్తున్నది అచ్చంగా తండేలు పని. మరి ఆ పని తరతరాలుగా చేసిన మా ఉద్దానం తీరంలో దాన్ని ఎవరూ విద్య అనలేదు, ఆట అని అసలే అనలేదు. ఎందుకని? ఈ వ్యాసం ఆ ప్రశ్న వెంట నడిచిన నడక.

గేట్లు, గడియారం

రాఫ్టింగ్ అంటే మనకి రిషికేశ్‌లో లైఫ్ జాకెట్ తొడుక్కుని కేకలు పెట్టే వారాంతపు సరదా. పోటీ రాఫ్టింగ్ సంగతి వేరు. అంతర్జాతీయ రాఫ్టింగ్ ఫెడరేషన్ నడిపే ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో దేశాల జట్లు నాలుగు రకాల పందాల్లో తలపడతాయి. స్ప్రింట్‌కి 100 పాయింట్లు, హెడ్ టు హెడ్‌కి 200, స్లాలమ్‌కి 300, డౌన్‌రివర్‌కి 400. పడవలో నలుగురు గానీ ఆరుగురు గానీ ఉంటారు.

వీటిలో బలం కన్నా చూపు ఎక్కువ కావలసింది స్లాలమ్‌కే. నదికి అడ్డంగా తీగలు కట్టి వాటికి జతలు జతలుగా కర్రలు వేలాడదీస్తారు. ఒక్కో జత ఒక గేటు. ఆకుపచ్చ గేట్లోంచి ప్రవాహంతో పాటు కిందికి దిగాలి, ఎర్ర గేట్లోంచి ప్రవాహానికి ఎదురెక్కాలి. కర్ర తగిలితే 5 సెకన్లు శిక్ష. గేటు తప్పితే 50. రెండుసార్లు దిగనిచ్చి, మెరుగైన సమయాన్ని లెక్కలోకి తీసుకుంటారు.

అసలు చిక్కంతా ఎర్ర గేటు దగ్గర. పెద్ద బండరాయి వెనకాల నీరు వెనక్కి మళ్ళి కాస్త నెమ్మదిగా ఉండే జాగా ఒకటి ఉంటుంది. పడవ ముక్కుని ఆ జాగాలోకి దూర్చి, మొత్తం పడవని తిప్పి, ఎదురెక్కి, మళ్ళీ ప్రవాహంలో పడాలి. అర సెకను ఆలస్యమైతే నది లాక్కుపోతుంది. పైగా నురగలో గాలి కలిసి ఉంటుంది కాబట్టి తెడ్డుకి పట్టు దొరకదు. నురగ మధ్యలో గట్టి నీరు ఎక్కడుందో ముందే తెలియాలి. ఆరుగురూ నీళ్ళకేసి చూస్తూ ఆరు నిర్ణయాలు తీసుకుంటే పడవ తిరగబడుతుంది. ఒకరు నీటిని చదివి అరుస్తారు. మిగతావాళ్ళు ఆ అరుపు పూర్తికాకముందే తెడ్డు వేస్తారు. అలా వెయ్యగలగడానికి ఏళ్ళు పడుతుంది.

ఈ ఆట వయసు నూరేళ్ళు కూడా లేదు. మంచు మీద జారే స్కీ స్లాలమ్‌ని చూసి స్విట్జర్లాండ్‌లో 1933లో హాల్విల్ సరస్సు మీద మొదటి కానో స్లాలమ్ పెట్టారు. ఆ సరస్సులో ప్రవాహమే లేదు, తర్వాత్తర్వాత నదుల్లోకి దిగారు. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ కోసం ఆగ్స్‌బర్గ్‌లో ఏకంగా కృత్రిమ ప్రవాహాన్నే కట్టారు. తూర్పు జర్మనీవాళ్ళు దానికి నకలు తమ ౼ స్విక్కావ్ ఊళ్ళో కట్టుకుని, అక్కడ సాధన చేసి, ఆ ఏడు ఇచ్చిన నాలుగు స్వర్ణాలూ పట్టుకుపోయారు. రాఫ్టుల పోటీ ఇంకా చిన్నది. ప్రచ్ఛన్న యుద్ధం చివరి రోజుల్లో, 1989లో, సైబీరియాలోని చూయా నది మీద సోవియట్లూ అమెరికన్లూ ఇంకా చాలా దేశాలవాళ్ళూ కలిసి ఆడిన ‘చూయా ర్యాలీ’ దాని పుట్టుక. ఫెడరేషన్ 1997లో ఏర్పడింది. శత్రుదేశాల మనుషుల్ని ఒకే ప్రమాదం ముందు నిలబెడితే స్నేహం కుదురుతుందని ఆ మొదటి ర్యాలీ పెట్టినవాళ్ళ నమ్మకం.

తెల్ల నీరు తూర్పున ఉంది

మందస అనగానే చాలామందికి కోవా గుర్తొస్తుంది. చదువరులకి వాసుదేవ పెరుమాళ్ గుడి, 1940 రైతు పోరాటంలో పోలీసు కాల్పులకి బలైన వీర గున్నమ్మ గుర్తుకు రావచ్చు. ఊరికి పడమటి దిక్కున, ఇప్పుడు ఒడిశాలో, 1501 మీటర్ల మహేంద్రగిరి ఉంది. ఆ కొండల్లో పుట్టిన మహేంద్రతనయ బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది. పేరు చూసి ఆశపడకండి. వానాకాలంలో ఒక్కసారిగా పొంగి, ఎండాకాలానికి ఇసక తేలే ఏరు అది. రాఫ్టింగ్ జట్లకి అందులో పనిలేదు.

తెల్ల నీరు తూర్పు వైపున ఉంది. పలాస నుంచి రైల్లో మందస రోడ్డు, సోంపేట మీదుగా ఇచ్ఛాపురం వెళ్తుంటే జీడితోటలూ కొబ్బరితోటలే కనిపిస్తాయి గానీ, వాటి వెనక సముద్రం సమాంతరంగా నడుస్తూనే ఉంటుంది. శ్రీకాకుళం జిల్లా తీరం పొడవు 193 కిలోమీటర్లు. అందులో ఓడలకి ఆశ్రయమిచ్చే సహజమైన రేవు ఒక్కటీ లేదు. తిన్నటి ఇసక ఒడ్డు, దాని మీద నేరుగా విరిగే బంగాళాఖాతం.

కెరటం ఎక్కడ విరుగుతుందనేదానికి ఒక మోటు లెక్క ఉంది. నీటి లోతు కెరటం ఎత్తుకి దాదాపు ఒకటింబావు వంతుకి తగ్గేసరికి అది నిలబడలేక ముందుకి పడుతుంది. ఒడ్డుకి కాస్త దూరంలో ఇసకమేట ఉంటే అక్కడ ఒకసారి, ఒడ్డు దగ్గర ఇంకోసారి విరుగుతుంది. కెరటాలన్నీ ఒకే ఎత్తున రావు. నాలుగైదు పెద్దవి గుంపుగా వస్తాయి, తర్వాత కాసేపు తెరిపి. ఆ తెరిపి దొరికేదాకా ఆగి, దొరికిన క్షణంలో అందరూ ఒక్కుమ్మడిగా తెడ్లు వేసి దాటెయ్యాలి. తిరిగొచ్చేటప్పుడు ఇంకా కష్టం. వెనకనుంచి వచ్చిన కెరటం పడవని అడ్డంగా తిప్పిందంటే బోల్తా కొట్టడం ఖాయం. పడవ వెనక్కొసని కెరటానికి సూటిగా పట్టి ఉంచడమే తండేలు పని.

నదిలో రాయి కదలదు, నీరు కదులుతుంది. అందుకే స్లాలమ్ జట్లు పోటీకి ముందు గట్టు మీద నడుస్తూ దారి మొత్తం గుర్తుపెట్టుకుంటాయి. సముద్రంలో గేటే కదులుతుంది. ఏ కెరటానికాకెరటం కొత్తది. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అని నా ఉద్దేశం కాదు. ఆగ్స్‌బర్గ్‌లో గెలిచినవాళ్ళని తెచ్చి బారువ ఒడ్డున నిలబెట్టినా, బారువ తండేలుని తీసుకెళ్ళి ఆగ్స్‌బర్గ్‌లో దింపినా ఇద్దరూ తడబడతారు. కానీ ఒక గొంతు, పది తెడ్లు, నురగలో ఒక దారి అనే విద్య మాత్రం రెండుచోట్లా ఒక్కటే.

కుట్టిన పడవ

ఈ తీరానికి రెండు వాహనాలుండేవి. ఒకటి తెప్ప. తేలికైన దుంగలు చెక్కి, పడవ ఆకారం వచ్చేలా కలిపి బిగించినది. నీళ్ళు లోపలికి వస్తాయి, పోతాయి. మునగడమన్న మాటే లేదు. రెండోది మసులా పడవ. ‘మసులా’ ఎక్కణ్ణుంచి వచ్చిందో హాబ్సన్-జాబ్సన్‌కే అంతుచిక్కలేదు. థామస్ బౌరీ అనే ఇంగ్లీషు వర్తకుడు 1670ల్లో బంగాళాఖాతం చుట్టూ తిరిగి రాసిన వర్ణనలోనే ఈ పడవా తెప్పా రెండూ ఉన్నాయి.

మసులా పడవలో మేకు ఉండదు. పలకల్ని కొబ్బరితాళ్ళతో కుట్టేస్తారు, అతుకుల్లో కొబ్బరిపీచు కూరుతారు. లోపల పక్కటెముకల్లాంటి దూలాలు కూడా ఉండవు. అడుగు దాదాపు చదును. యూరోపియన్ ప్రయాణికులు మొదటిసారి దాన్ని చూసి భయపడ్డారు. ఇంత వదులుగా ఉన్నదేమిటి, ఒక్క దెబ్బకి విడిపోదా అని. వాళ్ళ సొంత పడవలు గట్టిగా ఉండేవి కాబట్టే ఆ ఒడ్డున పగిలిపోయేవి. ఇది కెరటం కొడితే వంగేది, ఇసకకి గుద్దుకుంటే సాగేది, మళ్ళీ తన ఆకారానికి వచ్చేది. ఇవాళ రాఫ్టుల్ని గాలి నింపిన రబ్బరుతో చెయ్యడానికి కారణం కూడా ఇదే. రాయిని గెలవాలంటే రాయికన్నా గట్టిగా ఉండనక్కర్లేదని కోరమాండల్ తీరంలో కుట్టుపని చేసినవాళ్ళకి ఎప్పుడో తెలుసు.

పొడవాటి గెడ చివర పలక బిగించిన తెడ్లతో ఎనిమిది మందో పది మందో తోసేవాళ్ళు. వెనక పెద్ద తెడ్డుతో తండేలు. తోసేవాళ్ళు పాట అందుకునేవారని, కెరటాలు విరిగే చోటుకి రాగానే పాట వేగం ఒక్కసారిగా పెరిగేదని మద్రాసు గురించి రాసిన ప్రయాణికులు ఒకరి తర్వాత ఒకరు చెప్పారు. పాట వాళ్ళకి వింతగా వినిపించింది. నాకైతే అది స్లాలమ్ జట్టులో వెనకనుంచి వచ్చే కేకలా వినిపిస్తుంది. తెడ్లన్నీ ఒకేసారి పడటానికి అంతకన్నా నమ్మకమైన గడియారం వాళ్ళ దగ్గర లేదు.

మద్రాసులో మసులా పడవ పక్కనే తెప్పలు కూడా వెళ్ళేవి, ఎవరైనా నీళ్ళలో పడితే తీసుకురావడానికి. అలా ప్రాణాలు కాపాడిన తెప్పవాళ్ళకి ప్రభుత్వం పతకాలిచ్చేదని 19వ శతాబ్దపు వర్ణనల్లో ఉంది. అంటే తెల్ల నీళ్ళలో నేర్పుకి పతకం అనే ఆలోచన ఒలింపిక్స్‌కంటే ముందే ఇక్కడ ఉంది. పతకం దేనికిచ్చారో గమనించండి. ఎంత వేగంగా దాటారని కాదు, ఎవరిని బతికించారని.

మా తీరంలో దొరల కన్నా కూలీలు ఎక్కువ దాటారు. 1936లో ఒడిశా ఏర్పడేదాకా మందస గంజాం జిల్లాలో ఉండేది. గంజాం, విశాఖపట్నం జిల్లాలనుంచి వేలకొద్దీ జనం రంగూన్‌కి కూలికి వెళ్ళారు. గోపాలపురం, కళింగపట్నం లాంటి చోట్ల స్టీమర్లు లోపల లోతు నీళ్ళలో ఆగేవి, ఒడ్డునుంచి అక్కడిదాకా పడవలే దిక్కు. రంగూన్ రేవులో బస్తాలు మోసిన తెలుగువాళ్ళ గురించి, 1930లో అక్కడ వాళ్ళ మీద జరిగిన దాడుల గురించి చరిత్రకారులు రాశారు. ఆ వలసలో మొదటి మైలు మాత్రం ఎవరి కథలోనూ లేదు. అంతకుముందెప్పుడూ సముద్రం మీదికి వెళ్ళని రైతుకూలీ, పిల్లల్ని ఒళ్ళో పెట్టుకున్న తల్లి, నురగలో ఎగిరిపడే కుట్టుపడవలో కూర్చుని, వెనక నిలబడ్డ ఒక మనిషి కేకని నమ్ముకుని దాటిన మైలు అది. ఆ మైలు దాటినా గండాలు తీరవు. 1917లో ‘చిల్కా’ అనే స్టీమరు బారువ దగ్గరే పోయింది. దాని శిథిలం ఇప్పటికీ నీటి అడుగున ఉంది, డైవింగ్ చేసేవాళ్ళు వెళ్ళి చూసొస్తున్నారు. ఓడ పేరు మిగిలింది. ఈ తీరంలో ఏళ్ళ తరబడి పడవలు దాటించిన ఒక్క తండేలు పేరు కూడా నాకు ఎక్కడా దొరకలేదు.

1933

స్విట్జర్లాండ్‌లో స్లాలమ్ పుట్టిన 1933లోనే ఇక్కడ ఇంకొకటి జరిగింది. ఆ ఏడు అక్టోబరు 7న ‘జలదుర్గ’ అనే ఓడ విశాఖపట్నం కొత్త హార్బరులోకి వచ్చింది. ఇక ఓడకీ ఒడ్డుకీ మధ్య పడవతో పనిలేదు. అంతకుముందే, 1890ల్లో వేసిన రైలుమార్గం బారువ, కళింగపట్నం లాంటి రేవుల సరుకుని లాగేసుకుంది. ఒకచోట మనుషులు కావాలని కష్టమైన నీటి దారిని తయారుచేసుకుంటున్నారు. ఇంకోచోట కష్టమైన నీటిని దాటే అవసరమే తీసేస్తున్నారు. రెండూ ఒకే సంవత్సరంలో.

నేను ఆధునికతని తిట్టడానికి ఇది చెప్పడం లేదు. హార్బరు వచ్చాక ఎంతమంది మునిగిపోకుండా బతికారో ఊహించుకోవచ్చు. చేపలు పట్టేవాళ్ళకి మాత్రం కెరటం దాటడం తప్పలేదు. 1979లో మద్రాసు కేంద్రంగా మొదలైన ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ ‘బే ఆఫ్ బెంగాల్ ప్రోగ్రాం’ ఇంజనీర్లు ఈ తూర్పు తీరానికి కొత్త పడవలు తయారుచెయ్యాలని చూశారు. ఒడ్డుకి తగిలే ముందు ప్రొపెల్లర్‌ని పైకెత్తుకునే ఏర్పాటు కనిపెట్టారు. వాళ్ళ నివేదికలు చదువుతుంటే ఇంజను సామర్థ్యం, ఇంధనం ఖర్చు వీటన్నిటికన్నా ముందు ఎదురయ్యే ప్రశ్న ఒకటే: పడవ కెరటాన్ని దాటగలదా? తండేళ్ళు పుట్టినప్పట్నుంచీ జవాబు చెబుతున్న ప్రశ్న అది. తర్వాత్తర్వాత ఫైబర్ పడవలూ మోటార్లూ వచ్చాయి. మంచి దుంగ దొరకడం గగనమైపోయి చెక్కతెప్పలు తగ్గాయి. మోటారు ఉన్న పడవకి పదిమంది తెడ్లు అక్కర్లేదు. కాబట్టి ఆ జట్టే లేకుండా పోయింది.

జట్టులోని కుర్రాళ్ళు ఎక్కడికెళ్ళారో మనకి తెలుసు. గుజరాత్‌లోని వెరావల్‌కి, నెలల లెక్కన జీతానికి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను ఉద్దానం కొబ్బరినీ జీడినీ నేలమట్టం చేసింది. అదే నవంబరు చివర్లో వెరావల్ పడవల మీద ఉన్న ఉత్తరాంధ్ర మత్స్యకారుల్ని పాకిస్తాన్ పట్టుకుంది. వాళ్ళలో 20 మంది 2020 జనవరి 6న వాఘా దగ్గర దేశంలోకి అడుగుపెట్టారు. సినిమా పుట్టింది ఈ ఘటన నుంచే.

జాతీయ జట్టు అంటే నాకు ఇక్కడ ఒక ముల్లు గుచ్చుకుంటుంది. స్లాలమ్ ఆడే జట్టు మెడలో దేశం పేరు ఉన్న కార్డు ఉంటుంది, జాబితాలో ఆరు పేర్లుంటాయి, పక్కన జెండా ఉంటుంది. ఈ తీరం మనుషులకీ అలాంటి జాబితా ఒకటి దొరికింది. పేరు, తండ్రి పేరు, ఊరు, దేశం: భారత్. అది ఖైదీల జాబితా.

కేవట్ అనే ఇంటిపేరు

ఇది ఇలాగే ఉండితీరాలని రాసిపెట్టి లేదు. మధ్యప్రదేశ్‌లో మహేశ్వర్ దగ్గర నర్మద బండల మధ్య వందలాది పాయలుగా చీలి పారుతుంది. సహస్రధార అంటారు. దాన్ని కానో స్లాలమ్‌కి వేదికగా చేశారు. 2023 ఫిబ్రవరిలో ఖేలో ఇండియా యువ క్రీడల స్లాలమ్ పోటీలు అక్కడే జరిగాయి. అదే ఏడు హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలకి వెళ్ళిన భారత స్లాలమ్ జట్టులో విశాల్ కేవట్, శుభం కేవట్, హితేష్ కేవట్ ఉన్నారు. కేవట్ అంటే పడవ నడిపే కులం. రామాయణంలో రాముణ్ణి గంగ దాటించిన మనిషిని ఉత్తరాదిన పిలిచే పేరు కూడా అదే. యుగాలుగా ఇతరుల్ని దాటించిన ఇంటిపేరు మొదటిసారి తన కోసం తాను నీళ్ళలోకి దిగి, స్కోరుబోర్డు మీద కనిపించింది. అందుకు కావలసినవి పెద్దవేం కాదు. ఒక ప్రవాహం, కొన్ని కర్రలు, ఒక గడియారం, పేర్లు రాసుకునే మనిషి. రాఫ్టింగ్ కూడా 2025 ఉత్తరాఖండ్ జాతీయ క్రీడల్లో ప్రదర్శన క్రీడగా టనక్‌పూర్‌లో కనిపించింది.

ఉద్దానంలో స్లాలమ్ అకాడమీ పెట్టాలని నేను అనను. నది లేదు. సముద్రంలో గేట్లు వేలాడదియ్యలేం. ఆటగా మారితేనే ఒక విద్యకి విలువ వస్తుందన్న వాదన కూడా నాకు పూర్తిగా నచ్చదు. వీడియోలో ఓడిన జట్టు నవ్వుతూ మళ్ళీ గట్టెక్కుతుంది. ఇక్కడ ఓడినవాళ్ళ కోసం ఒడ్డున ఆడవాళ్ళు రాత్రంతా నిలబడేవాళ్ళు. ఆ తేడాని చెరిపేసి రెండిటినీ ఒకే గాట కట్టడం అన్యాయం.

కానీ ఒక పని చెయ్యొచ్చు. వాడబలిజ, జాలారి కుటుంబాల్లో చెక్కతెప్ప మీద కెరటం దాటినవాళ్ళు, ఇవాళ డెబ్భై దాటిన ముసలివాళ్ళు, ఇంకా కొందరున్నారు. ఒకసారి అలాంటి ఒక తాతని పెద్ద కెరటాలు వరసగా ఎన్ని వస్తాయి, ఎలా లెక్కపెట్టేవారు అని అడిగాను. లెక్కేటి బాబూ అని నవ్వేశారు. కాసేపాగి, చెవితో తెలుస్తాది అన్నారు. విరిగే చప్పుడులో ఏదో తేడా ఉంటుందట. ఆ తేడా ఏమిటో మాటల్లో పెట్టడానికి ఇంకో పావుగంట ప్రయత్నించారు, నా ఫోన్‌లో ఉన్న రికార్డింగు అదే. సంతబొమ్మాళి మండలం మూలపేటలో 2023 ఏప్రిల్‌లో కొత్త పోర్టుకి శంకుస్థాపన జరిగింది. అది పూర్తయ్యాక ఈ తీరానికీ లోతైన రేవు వస్తుంది. అప్పటికి ఆ పావుగంట లాంటివి ఒక వంద పోగైతే, తండేలు పక్కన ‘చిన్న అధికారి’ అన్న అర్థాన్ని కొట్టేసి ఇంకోటి రాసుకోవడానికి మన దగ్గర సరుకుంటుంది.